డబ్బాలో గొంతు

"నిన్న మనవాడొకడిని చంపేశారు, ఓడీల్. పోతూ మూడు మాటలన్నాడు: 'దీవెన పండగ. నేవీ ఓడ. బాంబు.'" చీఫ్ ఏబేర్ గొంతు తగ్గించాడు. "అనుమానం రేడియో పాటల కొరీన్ మీద. మన ఏజెంటే, కానీ అవతలివాళ్ళకీ పనిచేస్తోందేమో. కాకపోతే పండగ టైముకి లైవ్‌లో పాడుతుంటుంది."

"రికార్డు వేస్తేనో?"

"రికార్డైతే రికార్డని చెప్పి తీరాలి. రూలు!"

ఓడీల్ లేచి నిలబడింది. ఆ ఓడలో వంటవాడు ఆమె కొడుకు రెమీ. బాంబులు పెట్టేవాళ్ళు రూళ్ళు చూసుకుని పెడతారా?

పండగ రోజు ఓడీల్ లూయిజియానా రేవులో రొయ్యలు ఒలిచే ముసలిదాని వేషంలో కూర్చుంది. టోపీలో దాచిన ఇయర్‌ఫోన్‌లో కొరీన్ గొంతు పాకంలా కారుతోంది: "ఇప్పుడే, ఈ క్షణంలోనే మీతో ఉన్నా, నా బంగారాలూ!"

ఫాదర్ దీవెనకు రొయ్యల పడవలు బారులు తీరాయి. దీవించిన నీళ్ళ బకెట్లతో సిస్టర్లు ఒక్కో పడవా ఎక్కి దిగుతున్నారు. రేవు ఒడ్డునే ఉన్న రేడియో స్టూడియో కిటికీ కిందనుంచి పోతూ మొదటి పడవ హారన్ కొట్టింది. ఆ హారన్ వింటే కొరీన్ పాట సగంలో ఆపి, "వచ్చారా నాయనా, గంబో పులుసు పొయ్యిమీదుంది" అనాల్సిందే. తుఫాను రోజున కూడా మానలేదు.

ఇవాళ పాట ఆగలేదు. ఇయర్‌ఫోన్‌లో హారనే లేదు.

"థూ! డబ్బాలో గొంతు పెట్టి ఊరినంతా నమ్మించిందా?" ఆ బంగారాలూ వరహాలూ తలుచుకుంటే ఓడీల్‌కు వాంతికొచ్చింది. మరి మనిషెక్కడ?

నేవీ ఓడ మెట్లమీద ఒక సిస్టర్. నిండు కుండ తొణకదంటారు గానీ, మెట్లెక్కుతుంటే నిండు బకెట్ తొణకదా? ఆమెది చుక్క చిందడంలేదు.

ఓడీల్ పరుగెత్తి బకెట్ పట్టుకుంది.

"వదులక్కా, దీవెనకి ఆలస్యమవుతోంది!" అదే పాకం గొంతు.

"నీ దీవెన నా కొడుక్కొద్దే, కొరీన్!"

బకెట్‌ను లాగి నీళ్ళలోకి విసిరింది. మునిగీ మునగకముందే పేలింది. ఇద్దరిమీదా బురద, చచ్చిన చేపలు.

పైనుంచి రెమీ గరిటెతో తొంగిచూశాడు. "ఏంటమ్మా ఆ చప్పుడు?"

"ఏం లేదు, లోపలికి పో!" అంది ఓడీల్, కొరీన్ చేతులకు బేడీలు వేస్తూ.

బేడీలు పడ్డా కొరీన్ నవ్వింది. "నేను స్టూడియోలో ఉన్నా. ఊరంతా వింటోంది. కోర్టులోనూ అదే చెబుతా."

అప్పుడే వచ్చిన చీఫ్‌కి ఓడీల్ ఇయర్‌ఫోన్ అందించింది. "నిజమే సార్, ఇంకా పాడుతూనే ఉంది. మరి బేడీలు ఎవరికి వేశానో ఏమో!"