అవతలి పక్క పట్టుకున్నదెవరు

మొగల్తూరు దాటాక, సముద్రపు పోటు నీరు ఎక్కివచ్చే మురుగు కాలువ మీద ఒక పాత తూము ఉంది. పొద్దుగూకాక ఆ గట్టు మీద ఎవరూ నడవరు. మామూలు రోజుల్లో అక్కడ ఏమీ ఉండదు. కాలువ నిండిన రాత్రి మాత్రం... టంగ్. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ... టంగ్. ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు.

లస్కరు చిట్టియ్య ఇంకా డ్యూటీ దిగలేదంటారు ఊళ్లోవాళ్లు. తూము తలుపులు ఎత్తుతూ దించుతూ కాలువ నీళ్లకి కాపలా ఉండేవాణ్ని లస్కరంటారు. కొన్నేళ్ల కిందట వానల్లో, ఒంటరిగా ఈ తూము తెరవబోయి, జారిపడి కాలువలో పోయాడు చిట్టియ్య. ఆ తర్వాత ఆ తూము మీద చెయ్యి వేసినవాళ్లు లేరు. నీళ్లు దిగువ తూము గుండా చుట్టుతిరిగి పోతున్నాయి.

పోయిన వాయుగుండానికి ఆ దిగువ తూము పూడిపోయింది. పక్కనే ప్రసన్నకుమార్ రొయ్యల చెరువు. పట్టుబడికి వచ్చిన రొయ్యలు. గట్టు అంచుదాకా నీళ్లు. పోటు తీసి ఆటు మొదలయ్యేసరికి పాత తూము తెరిచి ఉంటే నీళ్లన్నీ సముద్రం లాగేసుకుంటుంది. తెరవకపోతే తెల్లారేలోగా గట్టు తెగుతుంది, రొయ్యలన్నీ కాలువపాలవుతాయి.

అప్పటికి ప్రసన్నకుమార్‌కి కంటిమీద కునుకు లేక రెండు రాత్రులు. ఇసక బస్తాలు మోసి మోసి భుజాలు తన భుజాల్లా లేవు. రమ్మంటే ఎవరూ రాలేదు. పానా, సుత్తి, గునపం సంచిలో వేసుకుని వానలో ఒక్కడే నడిచాడు.

తూము షట్టరుకి అడ్డంగా ఒక ఇనుప పట్టీ. దాన్ని పట్టి ఉంచింది ఒక్కటే బోల్టు. ఆ నట్టు వదులైతే చాలు, పట్టీ పక్కకి జరుగుతుంది, షట్టరు లేస్తుంది. కానీ ఉప్పునీటి తుప్పు కదా... నట్టేదో బోల్టేదో తెలియకుండా అట్టలు కట్టి ఉంది. పానా వేసి బలమంతా పెట్టాడు. కదల్లేదు.

కొట్లో కొన్న తుప్పు నూనె డబ్బా నొక్కాడు. ఉస్సుమని గాలి వచ్చింది. అయిపోయింది.

ఇంకో సీసా ఉంది, ఇంట్లో తనే కలుపుకున్నది. డీజిలు ఎక్కువ, ఇంజనాయిలు కొంచెం. ప్రమిదలో వత్తి నూనెని పైకి లాగుతుంది చూడండి, పల్చటి నూనె మరల మధ్య సందుల్లోకి అలాగే పాకుతుంది. డీజిలు దారి చేస్తుంది, ఇంజనాయిలు ఆ దారిలో నిలుస్తుంది. కాకపోతే దానికి టైమివ్వాలి. మెల్లగా తట్టాలి, ఆగాలి, మళ్లీ పొయ్యాలి. తొందరపడి తిప్పితే బోల్టు తెగి ఊరుకుంటుంది.

పోశాడు. సుత్తితో తట్టాడు.

టక్... టక్...

అవతలి పక్క నుంచి... టంగ్.

చెయ్యి ఆగిపోయింది. టార్చి వేశాడు. షట్టరు, వాన, నల్లటి నీళ్లు. అంతే.

మళ్లీ తట్టాడు. కాసేపటికి మళ్లీ... టంగ్.

ఫోను తీసి భార్య రాణికి చేశాడు.

“ఏమైందండీ?” అంది ఆమె.

“ఏం లేదు. ఊరికే. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు.”

“గట్టు జారుతోంది, నేను బస్తాలు వేస్తున్నాను. మాట్లాడుతూ కూచోమంటారేంటి?” అని పెట్టేసింది.

నూనె నానిందనిపించాక పానా వేసి లాగాడు. కదిలింది. ప్రాణం లేచి వచ్చింది... అంతలోనే జారిపోయింది. నట్టుతో పాటు బోల్టూ తిరుగుతోంది.

ఇక్కడొక సంగతి తెలియాలి. బోల్టుకి తల ఒక పక్క, నట్టు ఇంకో పక్క ఉంటాయి. ఇటు నట్టు తిప్పేటప్పుడు అటు తల ఎవరో ఒకరు బిగించి పట్టుకోవాలి. లేకపోతే రెండూ కలిసి తిరుగుతూనే ఉంటాయి, తెల్లవార్లూ తిప్పినా ఊడదు. ఆ తల షట్టరుకి అవతల ఉంది. అక్కడ నిండు కాలువ.

ప్రసన్నకుమార్ తడిసిన గట్టు మీద కూలబడ్డాడు. ఏడవడానికి కూడా ఓపిక లేదు. వెనక కాలువ హోరు మారింది. ఆటు మొదలైంది.

లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. పానా వేసి లాగాడు. బోల్టు తిరిగింది... ఇంకాస్త తిరిగింది...

టంగ్.

ఆగింది.

అవతలి పక్క తలని ఎవరో పట్టుకున్నారు. పానాలోంచి అరచేతికి తెలుస్తోంది, గట్టి పట్టు. తను లాగుతుంటే అటు నుంచి ఎదురు కాస్తోంది. పరుగెత్తాలి. పరుగెత్తడానికి కాళ్లలో శక్తేదీ?

“ఎవరైతేనేం...” అన్నాడు. “అలాగే పట్టుకో.”

ఒళ్లంతా వేసి లాగాడు. కీ...చుమని, మనిషి అరిచినట్టు అరిచి, నట్టు వదిలింది.

పట్టీ జరిపి, గునపంతో షట్టరు ఎత్తి, రాయి అడ్డం పెట్టాడు. నీళ్లు హోరున పోతుంటే అక్కడే ఒరిగి నిద్రపోయాడు.

తెల్లారి రాణి వచ్చి లేపింది. గట్టు నిలిచింది. కాలువ బాగా దిగిపోయింది. తూము అవతలి పక్కకి వంగి చూశారిద్దరూ.

బోల్టు తలకి ఒక పాత రింగు పానా తగిలించి ఉంది. తుప్పుపట్టి, నాచుపట్టి. దాని పిడి వెళ్లి ఇనుప చట్రానికి ఆనుకుని ఉంది. కాలువ నిండినప్పుడల్లా నీటి ఊపుకి కదిలి, చట్రాన్ని కొట్టింది అదే. రాత్రి పట్టుకున్నదీ అదే.

వాళ్లు వెళ్లేసరికి చిట్టియ్య భార్య సుబ్బాయమ్మ ఎండుచేపలు ఆరబెట్టుకుంటోంది. సంగతంతా విని చేతిలో చేప పక్కన పెట్టింది.

“ఒక్కడే కదయ్యా చేసుకునేవాడు,” అంది. “అటు దిగి తలకి పానా తగిలించి, ఇటొచ్చి నట్టు తిప్పేవాడు. అయితే దిగేటప్పుడు పోలేదన్నమాట. తగిలించేసి, తిరిగొస్తూ జారాడు.”

“అవును పిన్నీ.”

“సగం పని చేసేసే పోయాడు.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “పానా తెచ్చావా?”

“లేదు. ఇద్దరి పని కదా అది. అక్కడే ఉంచి నూనె పోసొచ్చాను.”

ఇప్పుడు కూడా కాలువ నిండిన రాత్రి ఆ చప్పుడు వినిపిస్తుంది. టంగ్... కాసేపు ఆగి, టంగ్. కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు. ప్రసన్నకుమార్ కళ్లు తెరవబోతే రాణి దుప్పటి మీదికి లాగుతుంది.

“పడుకోండి. చిట్టియ్య బాబాయి డ్యూటీలో ఉన్నాడు.”