సున్నపుతేట తాగిన గోడ

"పేషెంటుకి ఎలా ఉందండీ?" అని అడిగాడు గరికిన ఎల్లాజీ, తన సొంత ఇంట్లోకే గుమ్మం దగ్గర ఒంగి తొంగిచూస్తూ.

గోడకు కొట్టిన మేకుకు సెలైన్ సీసా వేలాడుతోంది. దాని ట్యూబు ఏ మనిషి చేతిలోకో కాక, బల్ల మీదున్న గాజుతొట్టిలోకి దిగింది. తొట్టిలో ఉప్పునీళ్ళు, నీళ్ళలో చిటికెనవేలంత ఎర్రటి పగడపు కొమ్మ. సీసాలోంచి చుక్క రాలిన ప్రతిసారీ డాక్టర్ వకుళ పెదవులు లెక్కపెడుతున్నట్టు కదులుతున్నాయి.

"తొందరపడకండి ఎల్లాజీగారూ. రేపటికి తెలుస్తుంది."

"బతికితే నాకు చెప్పండి. చస్తే మాత్రం మా ఆవిడకి చెప్పకండి. తన సున్నం పెట్టి చంపేశారంటాది."

లోపలి నుంచి పోలమ్మ గొంతు వినిపించింది. "నా సున్నం తినే ఇన్నాళ్ళూ నువ్వు బతకలేదా ఏటి?"

మొగపాలెం కాకినాడకు ఎగువన ఉన్న బెస్తల ఊరు. ఏరు సముద్రంలో కలిసేచోటును ఆ ప్రాంతంలో మొగ అంటారు. పడవలు బయటికి వెళ్ళేదీ లోపలికి వచ్చేదీ ఆ దారినే. చాలా ఏళ్ళుగా సముద్రం ఆ ఊరిని కొరుక్కు తింటోంది. ముందు వలలు ఆరేసుకునే ఇసక పోయింది, తర్వాత రోడ్డు పోయింది, ఆ తర్వాత మొదటి వరస ఇళ్ళు పోయాయి. రాళ్ళు పోశారు, రాళ్ళూ పోయాయి. అప్పుడు వచ్చింది వకుళ, తన ప్రయోగశాలలో పుట్టిన కొత్త రకం పగడాన్ని వెంటబెట్టుకుని.

పగడం రాయి కాదు, మొక్కా కాదు. దాన్ని ఉంగరంలో పెట్టుకునేవాళ్ళలో చాలామందికి అది జంతువు కట్టుకున్న ఇల్లని తెలియదు. పెట్టుకోమన్న జ్యోతిష్కుడూ చెప్పడు. ఆవగింజంత ప్రాణులు కొన్ని వేలు ఒకచోట చేరి, సముద్రపు నీటిలో కరిగి ఉన్న కాల్షియంను పీల్చుకుని, దానితో ఎముకలాంటి గూడు కట్టుకుంటాయి. మామూలు పగడం ఏడాదికి వేలెడు పెరగడానికి బద్ధకిస్తుంది. వకుళ తయారుచేసినది నెలకు జానెడు పెరుగుతుంది. దానికి శాస్త్రీయ నామం ఒకటి ఉండేది గాని, ఊళ్ళో అందరూ జోరుపగడం అన్నారు, ఆ పేరే నిలిచింది. ఊరి ముందు దాన్ని నాటితే బతికున్న గోడ లేస్తుంది, అల దెబ్బకు విరిగినా మళ్ళీ తనే అతుక్కుంటుంది. ఇదీ ఆమె ఆలోచన.

చిక్కల్లా దాని ఆకలి. తొట్టిలో కొమ్మను వేస్తే చూస్తుండగానే నీటిలోని కాల్షియం మొత్తం తినేసి, ఇంకా కావాలని పాలిపోయేది. దానికి పోసే మందు సీసాల్లో విదేశాల నుంచి వస్తుంది. అది పళ్ళ డాక్టర్ల వెయిటింగు రూముల్లోనూ, హోటళ్ళ లాబీల్లోనూ తొట్లు పెట్టుకునేవాళ్ళ కోసం చేసిన సరుకు. (పంటి నొప్పితో కూర్చున్నవాడు చేపల్ని చూస్తే నొప్పి తగ్గుతుందని ఎవరు కనిపెట్టారో గాని, ఆ మాట అబద్ధం.) ఒక ఊరి గోడకు సరిపడా ఆ మందు కొనడం ఎవరి తరమూ కాదు. పని ఆపేసి సామాను సర్దుకోమని వకుళకు పైనుంచి కబురు వచ్చింది.

సర్దుకుంటూనే ఆమె పోలమ్మ ఇంటి అరుగు మీద కూర్చుంది. పోలమ్మ తమలపాకుకు సున్నం రాస్తోంది. వకుళ ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది.

హైస్కూలు దాటిన ప్రతివాడూ సున్నపుతేటలోకి గొట్టంతో ఒక్కసారైనా ఊదే ఉంటాడు. తేట కాస్తా పాలలా తెల్లబడుతుంది. మన ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు ఉందనడానికి అదే రుజువని సైన్సు మాస్టారు చెప్పేవారు. బొగ్గుపులుసు వాయువు అనే మాట ఇప్పుడెవరూ వాడటం లేదు. మంచి మాట, నోట్లో పుల్లగా ఉండేది. చెప్పొచ్చేదేమిటంటే, ఆ తెల్లబడ్డ పొడీ, పగడపు గూడూ ఒకే పదార్థం. గవ్వలూ ఆల్చిప్పలూ కాల్చి చేసే గుల్లసున్నంలో పగడానికి కావలసిందంతా ఉంది. కావలసిందల్లా పెట్టే పద్ధతి.

పద్ధతి ఎవరైనా చేసుకోగలిగింది. బకెట్టు మంచినీళ్ళలో గుప్పెడు సున్నం కలిపి, మూతపెట్టి, కదపకుండా వదిలేయాలి. అడుగున ముద్ద దిగుతుంది, పైన మీగడ కడుతుంది. ఆ రెండూ పనికిరావు. మధ్యనున్న తేటను మాత్రం తీసి, తొట్టిలో ఆవిరైపోయిన నీటికి బదులుగా, చుక్కచుక్కగా వదలాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే లోపలున్నవన్నీ చస్తాయి. సున్నం ఎక్కువైతే నోరు ఎలా పొక్కుతుందో తాంబూలం వేసుకునేవాళ్ళకి చెప్పనక్కరలేదు. చుక్కలు వదలడానికి ఆస్పత్రి సెలైన్ ట్యూబుకు మించిన సాధనం లేదు.

మర్నాడు ఎల్లాజీ ఇంట్లోని కొమ్మ చివర తెల్లటి కొత్త మొగ్గలు కనిపించాయి.

"బతికిందండీ," అంది వకుళ.

"పోలమ్మా, నీ పేషెంటు లేచి కూర్చుందే," అన్నాడు ఎల్లాజీ.

ఆ తర్వాత ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ గాజుతొట్టి వెలిసింది. తొట్లలో పెరిగిన కొమ్మల్ని సముద్రంలో వేసిన సిమెంటు దిమ్మలకు కట్టారు. ఇళ్ళ కప్పుల మీద సున్నపుతేట డ్రమ్ములు పెట్టి, అక్కడి నుంచి సన్న గొట్టాలు లాగి, దిమ్మల లోపలి నుంచి పగడానికి తేట ఊరేలా వకుళ అమర్చింది. ఎవరి భాగం ఎవరిదో ఆమె చెప్పనక్కరలేకపోయింది. ఎవరి ఇంటి ముందు ఇసక వాళ్ళదే అన్నది ఆ ఊరి కట్టుబాటు. అక్కడ చేపలు ఆరబెట్టుకునేదీ వలలు బాగుచేసుకునేదీ ఆ ఇంటివాళ్ళే. గోడకూ అదే కట్టుబాటు వర్తించింది. మా పగడం, మీ పగడం అన్నారు. మొగ దగ్గర మాత్రం బోట్ల కోసం వకుళ ఖాళీ వదిలింది. దాని ముందు ఇల్లు లేదు కాబట్టి అది ఎవరిదీ కాదు.

గోడ లేచింది. ఆ ఏడు తుఫాను వస్తే అలలు గోడ అవతలే తలలు బాదుకుని వెళ్ళిపోయాయి. ఊరి జనం అరుగుల మీద కూర్చుని, సినిమా చూసినట్టు చూశారు.

మొగకు అటూ ఇటూ ఉన్నవి రెండే ఇళ్ళు. ఒకటి ఎల్లాజీది, రెండోది అతని బావమరిది వరస దానయ్యది. ఖాళీలోంచి వచ్చే నీరు తన ఇంటి మూలను తాకుతోందని ఎల్లాజీ గొట్టాన్ని మూరెడు ముందుకు జరిపాడు. మూరెడే కదా. అవతలి వైపు నుంచి దానయ్యా మూరెడే జరిపాడు. ఆ తర్వాత ఇంకో మూర. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, చెప్పేంత పెద్ద పనని ఎవరికీ తోచలేదు.

చేపల వేట మీద రెండు నెలల నిషేధం ముగిసిన తెల్లవారుజామున ఎల్లాజీ బోటు స్టార్టు చేసి మొగ దాకా వెళ్ళి, ఇంజను ఆపేశాడు. అటు గోడా ఇటు గోడా దాదాపు కలిసిపోయాయి. మధ్యలో మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు మిగిలింది. నెల తిరిగేసరికి అదీ లేదు. ఏటి నీరు మాత్రం గోడ సన్న సందుల్లోంచి ఊరి పోతోంది.

ఊరూ, ఊరి బోట్లన్నీ లోపల. సముద్రం బయట.

"గునపంతో పొడిచేద్దాం," అన్నాడు ఎల్లాజీ.

"వద్దండీ," అంది వకుళ. "పగడాన్ని పగలగొడితే ప్రతి ముక్కా పడ్డచోట మళ్ళీ మొలుస్తుంది. దాన్ని చంపే దారి ఒక్కటే. ఆ భాగానికి సున్నం మానేయాలి. రెండు నెలలు పస్తుంటే చచ్చి, గుల్లబారి, అలలకే కొట్టుకుపోతుంది."

"అంటే మొగ పెట్టాలంటే ఎవరో ఒకరు గోడ వదులుకోవాలి."

"అవునండీ."

వలల షెడ్డులో ఊరంతా చేరింది. మొగ కావాలా అని వకుళ అడిగితే కావాలని అందరూ చేతులెత్తారు. ఎవరి ఇంటి ముందు అని అడిగితే ఎత్తిన చేతులన్నీ ఒక్కొక్కటే దిగిపోయాయి.

"పాత చోటే తెరిస్తే పోతుంది," అన్నాడు వెనకనుంచి ఎవరో.

దానయ్య లేచాడు. "ఎలా తెరుస్తారండీ? అక్కడ పూడిన ఇసక మీద మా అమ్మాయికి వంటపాక వేసేశాం కదా."

"అది మొగని తెలిసే కట్టావు కదా బావా," అన్నాడు ఎల్లాజీ.

"కట్టినప్పుడు మొగెక్కడుంది? పూడిపోయిందిగా."

షెడ్డంతా నవ్వింది. నీళ్ళలో నిలబడి ఉన్న బోట్ల వైపు ఎల్లాజీ చూశాడు. పొద్దున్నించి అతని బోటు తాడు ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. అల లేని నీళ్ళలో అది గుంజకు కట్టిన గేదెలా ఉంది.

"నా ఇంటి ముందు తెరవండి," అన్నాడు.

ఇంటికి వచ్చాక పోలమ్మ సున్నపు డబ్బా మూత గట్టిగా నొక్కి పెట్టింది.

"నన్నడగాలని అనిపించలేదా?"

"అడిగితే వద్దంటావు."

"వద్దనను. నువ్వు సముద్రంలోకెళ్ళకపోతే నా ప్రాణం తోడేస్తావని నాకు తెలీదా? వద్దనను గాని, అడగాలి."

మర్నాడు తనే తేట డ్రమ్ము కుళాయి కట్టేసింది. పొయ్యీ గిన్నెలూ బోటులోకి చేర్చింది. ఇల్లు పోతే అందులోనే వండుకుంటానంది.

ఇక ఎదురుచూడటమే. గోడ లోపలి నీళ్ళు రోజురోజుకూ చిక్కబడి, నాచు వాసన వేస్తున్నాయి. సముద్రం చప్పుడు పక్కింటి టీవీలా వినిపిస్తోంది గాని కనబడదు. ఎల్లాజీ రోజూ బోటెక్కి ఇంజను తిప్పి, గోడదాకా వెళ్ళి, తిరిగి వచ్చేవాడు. చెరువులో పిల్లలు తిప్పుకునే బొమ్మ పడవలా ఉందని ఎవరో అంటే, ఆ పనీ మానేశాడు. పాలిపోవలసిన పగడం మాత్రం ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంది.

వకుళ చిన్న ముక్క తీసి పరీక్ష చేసింది. "ఇది ఆకలితో లేదండీ. ఎక్కడినుంచో తింటోంది."

ఎల్లాజీ నీళ్ళలో దిగి, గోడ అడుగున చెయ్యి పెట్టి తడుముకుంటూ వెళ్ళాడు. అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి, కొత్త గొట్టాలు అతని భాగంలోకి వచ్చి ఉన్నాయి. ఒకటి అవతలి పక్కింటివాళ్ళది. రెండోది దానయ్యది. తడి బట్టలతోనే దానయ్య గుమ్మం ముందు నిలబడ్డాడు.

"నీ గొట్టం నా గోడలోకి ఎందుకొచ్చింది బావా?"

దానయ్య తల దించుకోలేదు. "నీ ముందు తెరిస్తే నీళ్ళు నీ గుమ్మం దగ్గరే ఆగిపోతాయా? పక్కకు తిరిగితే మొదట పోయేది నా ఇల్లే. నువ్వు మంచోడివి, ఇల్లిచ్చేశావు. నన్నెందుకు మంచోణ్ణి చేస్తావు?"

"నేను సముద్రంలోకెళ్ళాలి."

"నేనెళ్ళొద్దా? నా బోటు మాత్రం ఎక్కడుంది, అవతలుందా?"

ఎల్లాజీ మళ్ళీ నీళ్ళలో దిగాడు. గొట్టాలు కోసేసి వచ్చాడు. మూడోనాటికి మళ్ళీ వచ్చాయి. మళ్ళీ కోశాడు, మళ్ళీ వచ్చాయి.

"ఇంకోసారి కోయండి," అంది వకుళ. "ఎన్నిసార్లు పెడతారు?"

"ఎన్నిసార్లయినా పెడతారమ్మా. గొట్టం చవక. సున్నం చవక." ఎల్లాజీ కోపంగా అనలేదు. "ఆ సీసాల మందే అయ్యుంటే ఎవడూ పక్కోడి గోడకి పోసేవాడు కాదు. చవకగా చేసింది మీరే కదా."

వకుళ ఆ సాయంత్రం చాలాసేపు మొగ ఉండవలసిన చోట నిలబడింది. తన సామాను సర్దుకోమని ఇప్పుడెవరూ చెప్పడం లేదు. మొగపాలెం గోడ గొప్పగా నిలిచిందని, అక్కడే ఉండి తీరమంతా ఈ పద్ధతి నేర్పమని పైనుంచి కబురు వచ్చింది.

తీరమంతా కొమ్మలు కావాలంది. ఇళ్ళల్లోని తొట్లు చాలలేదు. ఊళ్ళో ఒక్కొక్కరే ఖాళీగా పడున్న బోట్లలో ఉప్పునీళ్ళు నింపి, అడుగున దిమ్మలు పేర్చి, పైన సెలైన్ సీసాలు వేలాడదీశారు. కొమ్మలు వేగంగా పెరిగాయి. వాటిని అమ్మిన డబ్బుతో ఊరికి తిండికి లోటు లేకుండా పోయింది. చివరిదాకా ఎల్లాజీ బోటు ఒక్కటే పొడిగా ఉండేది. పోలమ్మ ఒకరోజు తన పొయ్యీ గిన్నెలూ అందులోంచి ఇంట్లోకి మోసుకొచ్చింది. ఎల్లాజీ ఇంజను విప్పి ఒడ్డున పెట్టి, గోనెపట్టా కప్పి, బకెట్టుతో నీళ్ళు తోడి బోటులో పోయడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళూ అతను ఆ బోటులోంచి నీళ్ళు బయటికే తోడాడు.

కొన్నాళ్ళకు దిగువనున్న ఒక ఊరి పెద్దలు కొమ్మల కోసం వచ్చారు. వాళ్ళ మొదటి వరస ఇళ్ళూ పోయాయట. వకుళ వాళ్ళకు సున్నపుతేట తీయడం చూపించింది. చూపించాక ఎల్లాజీ అడిగాడు.

"అయ్యా, బోట్లకి దారి ఎవరి ఇంటి ముందు వదులుతారు?"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంకా ఏమీ అనుకోలేదు," అన్నాడు వాళ్ళల్లో పెద్దాయన.

"ముందు అది తేల్చుకుని రండి. అప్పటిదాకా కొమ్మ తీసుకెళ్ళకండి."

"ఆయన చెప్పింది నిజమండీ," అంది వకుళ. "కొమ్మ నాటకముందే తేల్చుకోవాలి."

పెద్దాయన నవ్వాడు. "మా ఊళ్ళో అలాంటి గొడవలుండవమ్మా. అందరం ఒక్క మాట మీద ఉంటాం. ముందు గోడ లేవనివ్వండి, దారి సంగతి తర్వాత చూసుకుంటాం. డ్రమ్ముకి సున్నం ఎంత కలపమన్నారు?"

వకుళ ఎల్లాజీ వైపు చూసింది. అతను బోటు అంచు మీద కూర్చుని, మోచేతి దాకా లోపలి నీళ్ళలో చెయ్యి ముంచి, వాళ్ళకివ్వవలసిన కొమ్మల్ని ఒక్కొక్కటే ఏరుతున్నాడు.