శుక్రవారం తొమ్మిదిన్నర మ్యాచ్

ఎక్కడికండీ అంత తొందర? కాసేపు ఆగండి, ఇది విన్నాక వెళ్దురుగాని.

కువైట్ సిటీలో షర్క్ అనే పేట దగ్గర ఒక కాలేజీ ఉంది. ఆ కాలేజీకి ఒక ఫుట్‌బాల్ టీమ్ ఉంది. ఆ టీమ్ గెలిచినా ఓడినా గొంతు పోయేదాకా అరిచే ఫ్యాన్స్ పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్ల లీడర్ నాగేంద్రప్రసాద్. ఎవరూ ఎన్నుకోలేదు. వాట్సాప్ గ్రూప్ మొదలుపెట్టింది తనే కాబట్టి అడ్మిన్, అడ్మిన్ కాబట్టి లీడర్, అంతే.

నాగేంద్రది రాజంపేట. ఇంటర్ అయ్యాక, రెండేళ్ల కిందట, నాన్న బాలసుబ్బయ్య దగ్గరికి వచ్చాడు. బాలసుబ్బయ్య ఫహాహీల్‌లో ఒక కంపెనీలో క్రేన్ ఆపరేటర్. ఆయనకు సెలవు శుక్రవారం ఒక్కటే.

అక్టోబర్ మొదటి వారంలో సీజన్ షెడ్యూల్ వచ్చింది. మొత్తం తొమ్మిది మ్యాచ్‌లు. మన గ్రౌండ్‌లో ఐదు, ఆదివారం సాయంత్రాలు. బయట నాలుగు, శనివారాలు. నాగేంద్ర రాత్రంతా కూర్చుని దానికి రంగులేశాడు. గెలిచేవి పచ్చ, ఓడేది ఎరుపు, డ్రా అయ్యేది పసుపు. మర్నాడు క్యాంటీన్ టేబుల్ మీద ఆ కాగితం పరిచి, ఏడు గెలుస్తాం, ఒకటి డ్రా, ఒక్కటే ఓడతాం అని తీర్పు చెప్పాడు. కొత్త లెఫ్ట్ బ్యాక్ కుదురుకోవడానికి నెల పడుతుందని ఒకడన్నాడు. జహ్రా గ్రౌండ్‌లో దుమ్ము లేస్తే బంతే కనపడదని ఇంకొకడన్నాడు. నాగేంద్ర అన్నిటికీ సమాధానం చెప్పేశాడు.

పక్క టేబుల్ దగ్గర చిప్స్ తింటున్న అమ్మాయి లేచొచ్చి కాగితం మీదికి వంగింది. ఆ టర్మ్‌లోనే వేరే కాలేజీ నుంచి మారి వచ్చిన అమ్మాయి.

"ఆఖరి రెండింటికీ పచ్చరంగు ఎందుకేశావు?" అని అడిగింది.

"గెలుస్తాం కాబట్టి."

"ఫిబ్రవరి ఆఖర్లో రంజాన్ మొదలైపోతుంది. మీ టీమ్‌లో ఉపవాసం ఉండేవాళ్లు ఎంతమంది?"

నాగేంద్ర జమీర్ వైపు చూశాడు. జమీర్ టీమ్ గోల్‌కీపర్, సొంతూరు కడప, నాగేంద్రకు ప్రాణస్నేహితుడు. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"నాతో కలిపి ఏడుగురురా," అన్నాడు తాపీగా.

అమ్మాయి టేబుల్ మీదున్న ఎర్ర స్కెచ్ పెన్ తీసుకుని, ఆ రెండు పచ్చగళ్లనూ శుభ్రంగా ఎర్రగా చేసి, మూత పెట్టి, పెన్ను అతని చేతికిచ్చింది. పేరు మెర్సీ అని, పుట్టింది ఇక్కడేనని, ఇప్పటికి ఇరవై రంజాన్‌లు చూశానని చెప్పి వెళ్లిపోయింది. చిప్స్ ప్యాకెట్ మర్చిపోయింది. నాగేంద్ర కోపంగా ఆ చిప్స్ అన్నీ తినేశాడు.

సాయంత్రానికి ఆమెను గ్రూప్‌లో యాడ్ చేసింది కూడా తనే. ఎందుకు చేశావని జమీర్ అడిగితే, అపోజిషన్ లేకపోతే పార్లమెంట్ నడవదని చెప్పాడు.

ఇక చూడండి ఆ నెలంతా. క్లాసులు అయిపోగానే అందరూ చేపల మార్కెట్ వైపు నడవడం, పేపర్ కప్పుల్లో చాయ్, అదే షెడ్యూల్ మీద అదే గొడవ. నలుగురు డిఫెండర్లా, ఐదుగురా? శని, ఆదివారాల్లో వెంటవెంటనే మ్యాచ్‌లు పడ్డచోట ఎవరికి రెస్ట్ ఇవ్వాలి? చివరికి అందరూ ఇళ్లకు పోయేవాళ్లు, వీళ్లిద్దరి వాదన మాత్రం మిగిలేది. మెర్సీ ఇల్లు బ్నీద్ అల్ గార్‌లో, నడిచి పోయేంత దూరం. నాగేంద్ర ఫహాహీల్ బస్సెక్కేవాడు. ఆ గంటసేపూ వాయిస్ మెసేజ్‌లు. ఒకసారి ఆమె ఆఫ్‌సైడ్ గురించి చెబుతున్నది వింటూ దిగాల్సిన స్టాప్ దాటి చివరిదాకా పోయి, మళ్లీ వెనక్కి నడిచొచ్చాడు. నడుస్తూ ఇంకోసారి విన్నాడు.

ఆ ఏడాది తొలివాన ఒక మధ్యాహ్నం పడింది. కువైట్‌లో వాన అంటే క్లాసులో ఎవరు కూర్చుంటారు? కాలేజీ మొత్తం తడవడానికి బయటికి పరుగెత్తింది. మెర్సీ మాత్రం పోర్టికో అంచున నిలబడి, తడి గ్రౌండ్ మీద షార్ట్ పాస్‌లు ఆడకూడదని వివరిస్తోంది. ఆమె ముక్కు చివర ఒక చినుకు నిలబడింది. నాగేంద్ర ఆ చినుకు పడుతుందా లేదా అని చూస్తూ, జీవితంలో మొదటిసారి, అవును నువ్వు చెప్పిందే కరెక్ట్ అన్నాడు. ఆమె అనుమానంగా చూసింది. జ్వరమా అని అడిగింది.

సరిగ్గా ఆ వారమే స్పోర్ట్స్ సార్ నాగేంద్రను పిలిచారు. పోయినేడు ఆదివారం సాయంత్రాలు జనం సరిగ్గా రాలేదట. హోమ్ మ్యాచ్‌లు అలాగే ఉంచాలా, శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు మార్చాలా, ఫ్యాన్స్ ఏదంటే అదే, అందర్నీ అడిగి ఫారం పంపమన్నారు.

అందర్నీ అడగలేదు మన లీడర్. అతని కళ్ల ముందు రాజంపేట కదిలింది. వాళ్ల స్కూల్ వెనకాల చర్చి, ఆదివారం వస్తే తెల్లచీరలు, చేతిలో బైబిళ్లు. మెర్సీ వాళ్లకు ఆదివారం చర్చి ఉంటుంది కదా, పాపం మ్యాచ్‌కి ఎలా వస్తుంది అనుకున్నాడు. శుక్రవారమైతే నాయన కూడా వస్తాడు. ఆమె అడగకముందే చేసి పెడితే ఎంత బాగుంటుంది? శుక్రవారం నొక్కి పంపేశాడు. గ్రూప్‌లో పెద్దక్షరాలతో ప్రకటించాడు.

పదముగ్గురు బొటనవేళ్లు చూపించారు. మెర్సీ చదివింది. గంట తర్వాత గ్రూప్ నుంచి వెళ్లిపోయింది.

మర్నాడు మెట్ల దగ్గర అడ్డం నిలబడి ఏమైందని అడిగాడు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాతో వాదించి ఓడిపోవడం కష్టంగా ఉంటే నోటితో చెప్పొచ్చుగా నాగేంద్రా. దానికోసం ఐదు మ్యాచ్‌లు నాకు లేకుండా చెయ్యక్కర్లేదు," అంది.

అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానట్టు నటిస్తున్నాడని ఆమె అనుకుంది. పక్కనుంచి దిగి వెళ్లిపోయింది.

అర్థమయ్యేలా చెప్పింది జమీర్. ప్రాక్టీస్ అయ్యాక గ్లవ్స్ విప్పుకుంటూ విన్నాడు, విని తల పట్టుకున్నాడు.

"ఒరే, ఆదివారం ఈడ అందరికీ డ్యూటీ. చర్చి శుక్రవారమే జరుగుతాది. తెలుగోళ్లకు పొద్దున ఎనిమిదికి హాలిస్తారు, ఆ తర్వాత ఇంకో భాషోళ్లు కాసుకోనుంటారు. ఆ పిల్ల ఆడ కీబోర్డ్ వాయిస్తాది. రెండేండ్లుగా ఉండావు, అదీ తెలీదా?"

"నాకెట్ల తెలుస్తాదిరా? మా ఊర్లో ఆదివారమే గదా," అన్నాడు నాగేంద్ర.

ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. మెసేజ్ రాయబోతే ఏది రాసినా సాకులాగే కనబడింది, చెరిపేశాడు. స్పోర్ట్స్ సార్ దగ్గరికి పరుగెత్తాడు. మొదటి మ్యాచ్ ఇక కదలదని, కావాలంటే మిగతా నాలుగింటికీ శనివారంలోగా కొత్త ఫారం పంపమని ఆయన అన్నారు. ఈసారైనా అందర్నీ అడగమన్నారు. అది తర్వాతి సంగతి. ముందు మెర్సీ మళ్లీ తన పక్కన కూర్చుంటుందా లేదా? అతనికి ఆ ఒక్కటే తేలాలి.

శుక్రవారం వచ్చింది. తండ్రీకొడుకులు ఫహాహీల్‌లో బస్సెక్కారు. బాలసుబ్బయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కూడా కొట్టుకున్నాడు. కొడుకు కాలేజీ చూడటం ఆయనకిదే మొదటిసారి. నాగేంద్ర ఒళ్లో ఫ్యాన్స్ డ్రమ్ ఉంది. సిటీ దగ్గరపడుతుండగా దాన్ని తండ్రి ఒళ్లో పెట్టాడు.

"నాయనా, నువ్వు ముందు గ్రౌండుకు పో. మావోళ్లు గేటు కాడుంటారు. నేను చర్చికి పోయొస్తా."

బాలసుబ్బయ్య కొడుకును పైనుంచి కిందికి చూశాడు.

"ఎవురబ్బీ ఆ పిల్ల?" అన్నాడు.

బస్సాగగానే నాగేంద్ర దిగిపోయాడు.

హాలు నిండిపోయింది. ఆఖరి వరుసలో ప్లాస్టిక్ కుర్చీ దొరికింది. అందరూ లేచాక లేచాడు, అందరూ కూర్చున్నాక కూర్చున్నాడు. ముందు కీబోర్డ్ దగ్గర తెల్ల చుడీదార్‌లో మెర్సీ. పాట మధ్యలో తలెత్తి జనంలోకి చూసింది. చూపు ఆఖరి వరుస దగ్గర ఆగింది. ఒక స్వరం తప్పింది. పాడేవాళ్లు వెనక్కి తిరిగి చూశారు, ఆమె తల దించుకుని వాయించుకుపోయింది.

అంతా అయ్యేముందు పాస్టర్‌గారు, ఈ రోజు కొత్తగా వచ్చినవాళ్లు లేచి తమను పరిచయం చేసుకోవాలని అన్నారు. ప్రతి వారం అక్కడ అదే ఆనవాయితీ. ఎవరో మైక్ తెచ్చి నాగేంద్ర చేతిలో పెట్టేశారు. రెండు వందల తలలు వెనక్కి తిరిగాయి.

"నా పేరు నాగేంద్రప్రసాదండి. రాజంపేట," అన్నాడు. అక్కడితో ఆపి కూర్చోవచ్చు. కూర్చోలేదు. "మా కాలేజీ మ్యాచ్‌లు ఆదివారం ఉండేవి. మా ఊర్లో చర్చి ఆదివారమే. ఒకరికి ఇబ్బందయితాదని నేనే శుక్రవారానికి మార్పిచ్చినా. ఈడ చర్చి శుక్రవారమని నిజంగా తెల్దు. ఆ ఒకరు నేను కావాలని చేసినా అనుకుంటాండారు. కావాలని చెయ్యలా. అది చెప్పేదానికే వచ్చినా."

ఆ ఒకరెవరు బాబూ అని పాస్టర్‌గారు నవ్వుతూ అడిగారు. నాగేంద్ర మైక్ తిరిగిచ్చేశాడు. పేరు చెప్పనవసరం కూడా లేకపోయింది. ఆ సంఘంలో ఆ కాలేజీకి వెళ్లేది ఒక్క అమ్మాయే. రెండు వందల తలలూ ఈసారి కీబోర్డ్ వైపు తిరిగాయి.

ప్రార్థన అయ్యాక బయట వాకిట్లో, చెప్పులు వెతుక్కునేవాళ్ల మధ్య, మెర్సీ అతని ముందుకొచ్చి నిలబడింది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో తెలియడం లేదు.

"సీజన్ ఫస్ట్ మ్యాచ్ వదిలేసి వచ్చావా?"

"ఊఁ."

"అందరి ముందూ 'ఒకరు' అన్నావు. ఇప్పుడు పేరు చెప్పు."

"మెర్సీ," అన్నాడు. "నువ్వంటే నాకిష్టం మెర్సీ."

"ఎంత? ఫుట్‌బాల్ కన్నానా?"

నాగేంద్ర వేళ్లు మడిచి లెక్కపెట్టబోయాడు.

"అబద్ధం చెప్పకు, చర్చి ముందున్నాం," అంది ఆమె.

"ఫుట్‌బాలంత."

మెర్సీ పకపకా నవ్వేసింది. అంతైతే చాలని, తనకూ అతనంటే సరిగ్గా అంతేనని చెప్పింది. అప్పుడు వెనకనుంచి కారు హారన్ మోగింది. స్టీరింగ్ ముందు శాంతమ్మగారు, మెర్సీ వాళ్లమ్మ. కాకినాడ నుంచి వచ్చి పాతికేళ్లుగా ఇక్కడి హాస్పిటల్‌లో నర్సు.

"ఏం బాబూ, ఇక్కడే నిలబడిపోతారేంటి? మ్యాచేమన్నా మీకోసం ఆగుద్దా? ఎక్కండి ఎక్కండి," అందావిడ. నాగేంద్ర వెనక సీట్లో ముడుచుకు కూర్చున్నాడు. దారంతా ఆవిడ అద్దంలోంచి అతన్నే పరీక్షగా చూసింది, పేషెంట్‌ని చూసినట్టు. చివరికి, మైక్ పట్టుకుని తప్పు ఒప్పుకున్న మగపిల్లాణ్ణి ఈ పాతికేళ్లలో చూళ్లేదని, వచ్చే వారం మీ నాన్నగారిని తీసుకుని భోజనానికి రమ్మని చెప్పింది.

వాళ్లు గ్రౌండ్ చేరేసరికి సెకండ్ హాఫ్ మొదలైంది. మనవాళ్లు ఒక గోల్ వెనకబడి ఉన్నారు. కానీ స్టాండ్స్‌లో ఆ సందడేమిటి? మధ్యలో బాలసుబ్బయ్య. ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, డ్రమ్మును మెడకు తగిలించుకుని, వాళ్ల ఊరి జాతరలో పలక డప్పులు కొట్టినట్టు కొడుతున్నాడు. ఈజిప్టు పిల్లలు, మలయాళీ పిల్లలు, అందరూ ఆ దెబ్బకు ఊగుతున్నారు. కొడుకు పక్కన మెర్సీని చూశాడు, దెబ్బ ఆపకుండానే ఇద్దరికీ పక్కకు జరిగి చోటిచ్చాడు.

డెబ్బయ్యో నిమిషంలో మనవాళ్లు గోల్ కొట్టారు. జమీర్ చివర్లో ఒక పెనాల్టీ ఆపాడు. ఒకటి ఒకటి, డ్రా. షెడ్యూల్‌లో నాగేంద్ర ఆ మ్యాచ్‌కి పచ్చరంగు వేసుకున్నాడు, మెర్సీ అప్పుడే పసుపంది. ఆమె ఆ మాట గుర్తు చేస్తే అతనికి అస్సలు కోపం రాలేదు.

శనివారం సాయంత్రం. ఫారం ఇంకా పంపలేదు. ఈసారి లీడర్ అందర్నీ అడిగాడు, పదముగ్గురూ మాకేదైనా ఒకటే అన్నారు. ఇక మిగిలింది ఇద్దరు, మెర్సీ, నాయన. ఆదివారమైతే మెర్సీ పూర్తి మ్యాచ్ తన పక్కన కూర్చుని చూస్తుంది, నాయన క్రేన్ మీద ఉంటాడు. శుక్రవారమైతే నాయన వస్తాడు, మెర్సీకి సగమే దొరుకుతుంది.

మెర్సీకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"మార్చకు," అంది. "అంకుల్ డ్రమ్ లేకుండా మనమేం గెలుస్తాం? నేను సెకండ్ హాఫ్‌కి వచ్చేస్తాలే."

ఫోన్ పెట్టేశాక చూస్తే, నాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, అంతా విన్నాడు.

"మార్చు అబ్బీ," అన్నాడు ఆయన. "నేను ఒక దినం చూసినా గదా, సాలు. ఆ పిల్ల సగం ఆట సూడ్డమేంది, పూర్తిగా సూడనీ."

ఇద్దరూ ఒకరికోసం ఒకరు వదులుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. ఇంత సంతోషంలో ఇంత ఇరకాటం ఉంటుందని నాగేంద్రకు ఇప్పుడే తెలిసింది. ఫోన్ తెర మీద రెండే గళ్లు, ఆదివారం, శుక్రవారం. బొటనవేలు వాటి మీద గాల్లో తేలుతోంది.

మరి చెప్పండి, మీరైతే ఏది నొక్కుతారు?