సన్‌స్టోన్ ఉంగరం, కుంకుడు నీళ్లు

ప్రతి శుక్రవారం పొద్దున్నే వంటింటి తలుపు మూసుకుని ఉంగరం కడగడం జుబేదాకి ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు. అందులోని సన్‌స్టోన్ అనే రాయిని భర్త అబ్దుల్ రహీమ్ పెళ్లయిన ఏడాదే తన చేత్తో పొదిగాడు. నరసరావుపేట బజారులో ఆయనకి రాళ్లు పొదిగే కొట్టుంది. ఆ రాయి తమిళనాడు నుంచి వచ్చిన ఒక వ్యాపారి దగ్గర కొన్నది. నీడలో చూస్తే అది బెల్లంముక్కే. ఎండలో తిప్పితే మాత్రం లోపలి సన్నని ఎర్రటి రేకులకి వెలుగు తగిలి నిప్పురవ్వలు లేచినట్టుండేది. చూసినవాళ్లంతా ముచ్చటపడి ఒకసారి ఇవ్వమనేవాళ్లు. జుబేదా వేలు చాపి చూపించేదే తప్ప తీసి ఎవరి చేతికీ ఇచ్చేది కాదు.

ఆ వారం ఆమెకి జ్వరం. ఉంగరం తీసి గూట్లో పెట్టి పడుకుంది. కోడలు నజీమా ఆ ఇంటికొచ్చి ఆరు నెలలే అయింది. ఆదివారం చిలకలూరిపేటలో బంధువుల నిశ్చితార్థానికి అత్త వేలు తళతళలాడాలని ఆశపడి, తన గాజులతో పాటు ఆ ఉంగరాన్నీ కుంకుడు నీళ్లలో మరిగించింది. పుట్టింట్లో బంగారానికి అలాగే చేసేవాళ్లు. తీసి చన్నీళ్లలో వేయగానే టప్పుమంది. రాయి నిలువునా చీలింది.

జుబేదా లేచొచ్చి చూసింది. ఇక నోరాగలేదు.

"నిన్నెవరు ముట్టుకోమన్నారే? మీ అమ్మ నేర్పింది ఇదేనా?"

తననంటే పడేదేమో, అమ్మనంటే నజీమా ఓర్చుకోలేకపోయింది. బ్యాగు సర్దుకుని, రాజుపాలెంలో పుట్టింటికి పోతున్నానని భర్త నదీంకి ఫోన్ చేసింది. గోడ అవతల నుంచి జుబేదాకి అంతా వినబడింది. పోతే మళ్లీ వస్తుందో రాదోనని భయపడింది. అయినా ఆపకుండా దుప్పటి కప్పుకుని పడుకుంది.

అన్నానికొచ్చిన రహీమ్ సంగతి విని ఉంగరాన్ని వాకిట్లో ఎండకి పట్టి భూతద్దంతో చూశాడు. కెంపులా ఇది దేన్నైనా ఓర్చుకునే రాయి కాదన్నాడు. చీలే గుణం దీనికి పుట్టుకతోనే ఉంటుందట. గోరువెచ్చని నీళ్లు, చుక్క సబ్బు, మెత్తటి గుడ్డ చాలట. వేరే రాళ్లు గీరుకోకుండా దూదిలో విడిగా దాచాలట.

"కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్తా. ఈ పిల్లకి ఎవరు చెప్పారు జుబేదా?"

జుబేదాకి తన శుక్రవారాలు గుర్తొచ్చాయి. ఆ తలుపు మూసుకున్నది తనే. ఆ రాయి మర్మం తనొక్కదానికే తెలుసని లోలోపల మురిసిపోయిందీ తనే.  గడప దగ్గరున్న కోడలి చేతిలోంచి బ్యాగు లాక్కుని లోపల పెట్టింది.

"నాదే తప్పమ్మా. నేర్పాల్సింది నేను. మీ అమ్మననాల్సింది కాదు."

నజీమా ఆమె భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడ్చింది. రహీమ్ రెండు ముక్కల్నీ ఎండలో తిప్పాడు. రెండూ మెరిశాయి. సానబెడితే రెండు ఉంగరాలవుతాయి గానీ చిన్నవవుతాయన్నాడు. కానివ్వమంది జుబేదా.

రెండు వారాల తర్వాత శుక్రవారం వంటింటి తలుపు తీసే ఉంది. అత్త వేలికొకటి, కోడలి వేలికొకటి చిన్న ఉంగరాలున్నాయి. జుబేదా గిన్నెలో మోచెయ్యి ముంచి, కోడలి వేలూ ముంచింది. పసిబిడ్డకి పోసే నీళ్లలా ఉండాలని చెప్పింది.

"ముందు మీదే కడుగుతా అత్తమ్మా," అంది నజీమా.

జుబేదా ఉంగరం తీసి కోడలి అరచేతిలో పెట్టింది.