ఇరవై ఎనిమిదో సెకను

నలభై సెకన్లకు మోగాల్సిన ఈల ఇరవై ఎనిమిదికే మోగుతోందని ఆ ఉదయం ఆరు గంటలకు, నాగాయలంక కరకట్ట మీద రొప్పుతూ, హారిక కనిపెట్టింది.

ఒకసారైతే పొరపాటు అనుకునేది. ఎనిమిది సార్లూ అంతే.

విశాఖ కొండల మీద మౌంటెన్ బైకింగ్ రాష్ట్ర జట్టు ఎంపికకు ఇక పన్నెండు రోజులే ఉంది. "డెల్టాలో కొండ లేదని ఏడవకు. కొండ చేసే పని మీ ఊరి కట్ట చేస్తుంది" అంటూ బందరు కాలేజీలో ఆటలు నేర్పే రత్నకుమారి మేడం రెండు నెలల కిందట కాగితం మీద లెక్క రాసిచ్చింది. నలభై సెకన్లు ప్రాణం పెట్టి తొక్కాలి, రెండు నిమిషాలు నెమ్మదిగా తొక్కాలి. అలా ఎనిమిది సార్లు. స్టాప్‌వాచ్ పట్టుకుని ఈల ఊదే పని తండ్రి పెద్దిరాజు తీసుకున్నాడు. పాతికేళ్లు బోటు నడిపిన సరంగు. ఆయన లెక్క తప్పడమన్నది ఊరెరగదు.

మొన్న శనివారం బందరులో మేడం పరీక్ష పెట్టింది. ముప్పయ్యో సెకనుకే హారిక కాళ్లు చచ్చుబడ్డాయి. "ఇంటి దగ్గర పూర్తిగా తొక్కుతున్నావా?" అని మేడం అడిగితే ఒట్టేసి చెప్పింది. ఆ ఒట్టు నిలబెట్టుకోవడానికే స్నేహితురాలి డిజిటల్ వాచీ అడిగి తెచ్చుకుంది.

తండ్రితో పాటు ఇంటికి రాగానే సైకిల్ గోడకు ఆనించింది. అన్న బాబ్జీ అరుగు మీద టీ తాగుతున్నాడు.

"ఏమే, కొండలన్నీ ఎక్కేసొచ్చావా?"

"స్టాప్‌వాచ్‌ని ఏం చేశావురా అన్నయ్యా?"

"నేనా? నేనేం చేశాను?"

"నెల కిందట రొయ్యల చెరువు దగ్గరికి పట్టుకెళ్లావు. నీళ్లల్లో పడేశావా?"

బాబ్జీ గ్లాసు దించాడు. "పడింది. వెంటనే తీసి ఎండలో పెట్టాను. తిరుగుతోందిగా!"

"తిరగడం కాదు, పరిగెడుతోంది! నలభై అనుకుని ఇరవై ఎనిమిది తొక్కుతున్నాను. నీ చేపల చేతులు తగిలితే ఏదీ బాగుపడదు!"

లోపలి నుంచి తల్లి సత్యవతమ్మ గరిటెతో సహా వచ్చింది. "వాచీ ఇలా తేరా. ఆడపిల్ల పొద్దున్నే చెమటోడ్చి తొక్కుతుంటే ఇదా నువ్వు చేసేది?"

"అమ్మా, ఉరి వేసే ముందు విచారణ ఉంటుంది" అన్నాడు బాబ్జీ. తండ్రి మెడలోంచి స్టాప్‌వాచ్ తీసి, చెల్లెలి చేతి వాచీ పక్కన పెట్టాడు. రెండూ ఒకేసారి నొక్కాడు.

పెద్దిరాజు గుంజకు ఆనుకుని వల బాగుచేస్తున్నాడు. తలెత్తలేదు.

పది. ఇరవై. ముప్పై. నలభై.

రెండూ కలిసే నడిచాయి.

"గడియారం నిర్దోషి, నేనూ నిర్దోషిని" అన్నాడు బాబ్జీ. అంతలోనే అతని చూపు తండ్రి మెడలోని ఈల మీద పడింది.

హారిక మెల్లగా తండ్రి వైపు తిరిగింది. "నాన్నా?"

వల అల్లే చెయ్యి ఆగింది.

"అన్నయ్యని తిడుతుంటే కూడా మాట్లాడలేదేం నాన్నా? చిన్నాన్నలా నాకూ అవుతుందనా నీ భయం? బందరులో డాక్టరుగారు నా గుండె పరీక్ష చేసి, బ్రహ్మాండంగా ఉందన్నారుగా! నువ్వూ విన్నావుగా! నేను కొండ ఎక్కగలను. నువ్వు ఎక్కనివ్వకపోతే తప్ప. రేపట్నుంచి ఈల అన్నయ్యకిచ్చెయ్."

సత్యవతమ్మ భర్త మొహం చూసి గరిటె కింద పెట్టింది. కూతురి భుజం మీద చెయ్యి వేసి, "చెప్పనీ తల్లీ" అంది.

పెద్దిరాజు ఈల తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"నేనే ఊదానమ్మా, ముందుగా. వాచీ చూస్తూనే, తెలిసే ఊదాను. మీ చిన్నాన్న సత్తిబాబు గుండె నొప్పితో పోయాడని మీకు చెప్పాం. సగమే చెప్పాం. ఆ రోజు వల బాగా బరువెక్కింది. 'అన్నా, రొప్పొస్తోంది' అన్నాడు. 'ఇంకొక్క లాగుడు లాగరా' అని కేకేసింది నేను. లాగాడు. తాడు చేతిలో ఉండగానే ఒరిగిపోయాడు. ఇరవై ఎనిమిది వచ్చేసరికి నీ మొహం అచ్చం వాడి మొహంలా అయిపోతుందమ్మా. డాక్టరు మాట నా చెవికి వినపడింది, చేతికి వినపడలేదు. నా భయానికి నీ కాళ్లు కట్టేశాను, నింద వీడి మీద పడుతున్నా నోరు మూసుకున్నాను. తప్పే. కానీ ఈల వాడికిమ్మనకు. రేపు నలభై దాకా ఊదను. భయమేస్తే పైకి లెక్కపెడతాను, కట్ట చివరిదాకా నీకు వినపడేలా."