ఆరూ పదిహేడు వరకూ అప్

మెట్ల మీద చెప్పుల చప్పుడు!

ప్రసన్నలక్ష్మి వేళ్లు కీబోర్డు మీద ఆగిపోతాయి.

సాయంత్రం ఆరూ యాభై. పుంగనూరులో కేబుల్ నెట్ ఆఫీసు. పైఅంతస్తు. ఆమె ఒక్కతే.

స్క్రీన్ మీద తను రాసుకున్న చిన్న ప్రోగ్రాం, షెల్ స్క్రిప్ట్. పట్టుమని పది లైన్లు లేవు. నిమిషానికోసారి ప్రతి కస్టమర్ మోడెమ్‌నూ పలకరిస్తుంది. పలికితే 'అప్'. పలకకపోతే 'డౌన్'. పక్కనే టైము. అంతే!

తమ్ముడి ప్రాణం ఆ ఫైల్లోనే ఉంది.

మొన్న సాయంత్రం మదనపల్లెలో సుభద్రమ్మ అనే కస్టమర్‌ను ఆమె ఇంట్లోనే ఎవరో చంపేశారు. తమ్ముడు లోకేష్‌ను పోలీసులు లోపలేశారు. సాక్షి ఎవరు? ఈ ఆఫీసు లైన్‌మన్ మునిశేఖర్!

"ఆరింటికే నెట్ పోయిందంటే రిపేరుకు పోయినా సార్. లోకేష్ గోడ దూకి పరిగెత్తతాండాడు" అన్నాడు.

కానీ సుభద్రమ్మ ఇంటి లైను లాగ్‌లో...

6:16 అప్.

6:17 అప్.

6:18 డౌన్.

ఆరింటికి నెట్ పోనేలేదు! ఇంట్లో కెమెరా పనిచేయకూడదని వైరు కోసిందే వాడు... దొంగ సచ్చినోడు!

తలుపు తెరుచుకుంటుంది.

మునిశేఖర్! చేతిలో వైర్లు కోసే కటింగ్ ప్లేయర్.

"ఏమ్మా, ఇంకా ఇంటికి పోలేదా? ఏం సూస్తాండావు?"

"ఏం లేదన్నా..."

"సుభద్రమ్మ ఇంటి లైనేనా?"

నవ్వుతున్నాడు. ఆమె ఫోన్ లాక్కుంటాడు. ఆఫీసు మెయిన్ వైరు పట్టుకుని...

టక్!

6:52 డౌన్.

"ఇంగ యాడికి పంపిస్తావో పంపించు."

ఇంకా ఒక్క ఆశ. కుప్పం ఆఫీసులో నవీన్ కంప్యూటర్లోనూ ఇదే స్క్రిప్ట్ నడుస్తోంది. మదనపల్లె లైన్లు, పుంగనూరు లైన్లు, అన్నీ. ఈ ఆఫీసు పలకకపోతే అక్కడ అలారం!

వాడి చేతిలో ఆమె ఫోన్ మోగుతుంది. నవీన్!

మునిశేఖర్ స్పీకర్ ఆన్ చేస్తాడు. కటింగ్ ప్లేయర్ ఆమె గొంతుకు ఆనిస్తాడు.

"పలుకు. మామూలుగా."

"అక్కా, అలారం కొట్టింది. ఆపేసినాలే. లైన్ పని ఉండాదని మునిశేఖరన్న పొద్దన్నే చెప్పినాడు."

ఆ ఆశా పోయింది. లైన్ ముట్టుకునే ముందు అన్ని ఆఫీసులకూ చెప్పిపెట్టడం వాడికి పదేళ్ల అలవాటు. పాపిష్టోడు, ఇవాళ కూడా మర్చిపోలేదు!

"స... సరేప్పా."

"కానీ ఏడింటికి కదా అన్న చెప్పింది? ఈడ ఆరూ యాభైరెండుకే డౌన్ అయిందే! ఎందుకట్ల ముందే కోసినాడు?"

మునిశేఖర్ నవ్వు ఆగిపోతుంది.

"అక్కా... ఆయప్ప ఆడనే ఉండాడా?"

లేడంటే తను బతకొచ్చేమో. ఆ తర్వాత లోకేష్?

ఇనుము గొంతుకు గుచ్చుకుంటోంది.

"ఉండాడు!" అరుస్తుంది. "సుభద్రమ్మ లాగ్ పోలీసోళ్లకియ్యి నవీనూ! ఆరూ పదిహేడు వరకూ అప్పే..."

టక్!