వాల్టర్ ఇరవయ్యో బంతి

శనివారం పొద్దున్నే అమెరికాలోని నోవై ఊళ్ళో మోకాలి లోతు మంచు పడింది. చక్రపాణి పార పట్టుకుని కారు చుట్టూ తవ్వి, చేతులు కొంకర్లు పోయి లోపలికి వచ్చేసరికి భార్య పద్మ పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతోంది. కూతురు మేధ బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చుంది. పక్కనే పసుపు అట్ట నోట్‌బుక్ తెరిచి ఉంది. అది చక్రపాణిది. ముప్పై ఆరేళ్ళ నాటిది.

"ఏమ్మా, తేలిందా లెక్క?" అన్నాడు. గొంతులో గర్వం దాచుకుందామన్నా దాగలేదు.

"చూస్తున్నా నాన్నా," అంది మేధ, తలెత్తకుండా.

మేధ పనిచేసేది ఆటల మ్యూజియంలో. ఎప్పుడో మూతపడ్డ స్టీమర్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు ఆడిన చివరి ఆటలో ఎవరెవరు ఏం చేశారో ఆ అంకెలన్నీ పోగుచేసే పని ఆమె నెత్తిన పడింది. వాల్టర్ గ్రిగ్స్ అని ఆ జట్టులో ఒకడుండేవాడు. గురి తప్పి తిరిగొచ్చిన బంతిని గాల్లోనే అందుకోవడాన్ని రీబౌండ్ అంటారు. ఆ రోజు తాను ఇరవై అందుకున్నానని వాల్టర్ ఇప్పటికీ అంటాడు. ఆ లీగ్‌లో మరెవరూ ఒక్క ఆటలో అన్ని అందుకోలేదు. నిజమని తేలితే మ్యూజియం గోడమీద అతని పేరు చెక్కుతారు. జట్టు కాగితాలు ఏనాడో చెత్తలోకి పోయాయి. మొన్న భోజనాల దగ్గర మేధ ఈ మాట చెబితే, చక్రపాణి తింటున్నవాడల్లా లేచి, బేస్‌మెంట్‌లో పాత సూట్‌కేసు అడుగు నుంచి ఈ నోట్‌బుక్ తెచ్చి కూతురి ముందు పెట్టాడు. తల్లీకూతుళ్ళు నోళ్ళు తెరిచారు.

ఎనిమిదో తరగతితో బడి మానేసి, కల్లంలో తండ్రి పక్కన నిలబడి ధాన్యం కొలతల లెక్క చూసినవాడు చక్రపాణి. బావ విశ్వనాథం పిలిపిస్తే ఈ దేశం వచ్చి, స్టీమర్స్ ఆడే స్టేడియంలో పాప్‌కార్న్ అమ్మాడు. ఆ చివరి ఆట జరిగిన ఆదివారం మధ్యాహ్నం రీబౌండ్లు లెక్కపెట్టే మనిషి మంచులో చిక్కుకుని రాలేదు. అంకెలు రాసే డొరోతి అనే పెద్దావిడ చుట్టూ చూసి, "నీకు లెక్కపెట్టడం వచ్చా?" అని ఇతన్ని అడిగింది. "అదొక్కటే వచ్చు," అన్నాడు. ఆటంతా ఈ నోట్‌బుక్‌లోనే గీతలు గీసి లెక్కపెట్టాడు.

ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెబితే వినేదెవరు? ఏ పూజకు వెళ్ళినా బావ అతన్ని నలుగురికీ ఒకేలా పరిచయం చేసేవాడు. "మా బావమరిది. చదువబ్బలేదు, పాపం." ఆ చివరి 'పాపం' గొంతులో చేపముల్లులా గుచ్చుకునేది.

కళ్ళజోడు పెట్టుకుని కూతురి వెనక్కి వచ్చాడు. స్క్రీన్ మీద అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. పాప్‌కార్న్ వెండర్. రఫ్ నోట్స్. అన్‌రిలయబుల్.

"అన్‌రిలయబుల్ అంటే నమ్మలేనిదనే కదమ్మా?"

మేధ చటుక్కున లాప్‌టాప్ మూయబోయింది.

"మూయకు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ వచ్చు. మీ మామయ్య పాపం అంటాడు, నువ్వు అన్‌రిలయబుల్ అంటున్నావ్. తేడా ఏముంది?"

"నాన్నా, ఇట్స్ నాట్ అబౌట్ యూ! ఈ నోట్‌బుక్‌లోనే న్యూస్‌పేపర్ ముక్క అంటించావ్ కదా? అందులో టీమ్ రీబౌండ్స్ యాభై రెండు. నీ గీతలు నేను త్రీ టైమ్స్ కౌంట్ చేశా. నలభై నాలుగే వస్తున్నాయ్. వాల్టర్‌వి పంతొమ్మిదే ఉన్నాయ్. ఎయిట్ మిస్సింగ్. నేనేం చేయను? టెన్ కల్లా రిపోర్ట్ పంపాలి."

"ఎనిమిది పోయాయా? నా లెక్కలోనా?" చక్రపాణి మొహం ఎర్రబడింది. "వెయ్యి బస్తాల కల్లంలో మా నాన్న నన్ను నమ్మాడు. ఒక్క కుంచం కొలత కూడా పొల్లుపోలేదు."

"ఏవండీ, అరవకండి. పిల్ల పని అది," అంది పద్మ, గరిటె చేతిలోనే పట్టుకుని. "ఇంతకీ ఎనిమిదే ఎందుకు తగ్గాయిట? ఆడినవాళ్ళు ఎంతమంది?"

మేధ పేజీ చూసింది. "ఎనిమిది మంది."

చక్రపాణి కోపం కాస్త ఆగింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏదీ, వాల్టర్‌ది నా ముందు లెక్కపెట్టు."

మేధ మొదటి గీత మీద వేలు పెట్టింది. "ఒకటి..."

"ఆగాగు. దాని ముందున్న చుక్కని వదిలేశావేం?"

"అది బులెట్ పాయింట్ కదా? ప్రతి పేరు పక్కనా ఉంది."

చక్రపాణి ఒక్క క్షణం కూతురి మొహంలోకి చూశాడు. తర్వాత నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఎందుకో కళ్ళలో నీళ్ళూ తిరిగాయి.

"కల్లంలో మొదటి కుంచాన్ని ఒకటి అనరు తల్లీ. లాభం అంటారు. లాభం, రెండు, మూడు... అలా పోతుంది. మా నాన్న లాభానికి చుక్క పెట్టి, రెండు నుంచి గీతలు గీసేవాడు. నాకు వచ్చిన చదువదే. అమెరికా వచ్చానని మానుకోలేదు."

మేధ వేలు వెనక్కి జరిగి చుక్క మీద ఆగింది.

"లాభం... రెండు... మూడు..."

పద్మ స్టవ్ ఆపేసింది. "...పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై." మిగతా ఏడుగురివీ వరసగా అలాగే లెక్కపెట్టింది. మొత్తం యాభై రెండు. ఒక్కటీ తేడా లేదు.

"సారీ నాన్నా. అడక్కుండా రాసేశాను. నీకు తెలీదనుకున్నా." చెంపలు తుడుచుకుంది.

"నేనూ చెప్పలేదుగా. ముందు ఆ మాట చెరుపు."

చెరిపింది. ఆ చోట ఇంకో వాక్యం టైపు చేసి, పైకి చదివి తెలుగులో చెప్పింది. "రీబౌండ్ల లెక్క, ఆట జరుగుతుండగా స్వయంగా రాసినవారు, వేమూరి చక్రపాణి."

"పాప్‌కార్న్ అమ్మేవాడని కూడా ఉండనీ. సిగ్గేం లేదు. పంపేటప్పుడు మీ మామయ్యకి కూడా ఓ కాపీ పడెయ్."

"అదిగో బుద్ధి!" అంది పద్మ, నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుని.

పదికి ముందే పంపేసి, మేధ వాల్టర్‌కి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. సంగతంతా చెప్పింది. అవతల ముసలి గొంతు బొంగురుగా పలికింది. ముప్పై ఆరేళ్ళుగా చెబుతున్నా, ఇంట్లో పిల్లలు కూడా నవ్వారు, ఒక్కరూ నమ్మలేదు అన్నాడు.

చక్రపాణి ఫోన్ దగ్గరికి వంగాడు. ఈ దేశంలో ఇంగ్లీషు మాట్లాడాల్సి వచ్చిన ప్రతిసారీ దిగే అతని గొంతు, ఈసారి దిగలేదు.

"ఐ బిలీవ్ యూ, సర్," అన్నాడు. "ఐ కౌంటెడ్."